పిల్లికూతలు విన్న రోజులు

డిగ్రీ పాసై రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టడం. తొంభైల మధ్యలో సంగతి. మా అబ్బా విజయవాడ వన్‌టౌన్‌లో దర్జీ. ఉద్యోగం సంగతి చెప్పగానే మెడలో టేపు తియ్యకుండానే నవ్వేశారు. "జువాలజీ చదివావు కదమ్మా! ఊపిరి లెక్కపెట్టడానికి డిగ్రీ కావాలంటారా?" అన్నారు. నాకూ అదే అనుమానం. కానీ రెండేళ్ళ తర్వాత దొరికిన ఉద్యోగం, ఎక్కడ చేజారుతుందోనని పైకి అనలేదు.

ఉద్యోగం ఇచ్చినావిడ పిల్లల డాక్టరు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, చామనఛాయగా ఉండేవారు. నేత చీర కొంగు నడుముకి బిగించి, ఆస్పత్రి వరండాలో ఎంత గట్టిగా మాట్లాడేవారంటే, మందుల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా ఏ బిడ్డకి ఏం జబ్బో తెలిసిపోయేది. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పని చెప్పారు.

"ఏడాది నిండకుండానే నెమ్ము చేసి, ఆయాసంతో వచ్చే పిల్లలు బోలెడుమంది. తగ్గించి పంపిస్తాను. వాళ్ళల్లో కొందరు రెండేళ్ళకో మూడేళ్ళకో ఉబ్బసంతో మళ్ళీ వస్తారు. మిగతావాళ్ళు రారు. రానివాళ్ళు బాగున్నారా, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారా, అసలు ఉన్నారా, నాకు తెలీదు. తెలీకుండానే ఇన్నేళ్ళుగా తల్లులకి సలహాలు చెప్తున్నాను. సిగ్గుగా లేదూ?"

సిగ్గు ఎవరికో అర్థంకాక తలూపాను.

అందుకని ఆమె తలకెత్తుకున్న పని ఇదీ. నెమ్ము తగ్గి ఇంటికెళ్ళిన పిల్లల్నీ, అదే ఊళ్ళో అదే ఈడు ఉండి నెమ్ము రాని పిల్లల్నీ బడికి వెళ్ళే వయసు దాకా నెలనెలా చూసి రావాలి. ఉయ్యూరు చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు, పామర్రు చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు ఎంచుకున్నారు. ఉయ్యూరు వైపు చెరకు తోటలు ఎక్కువ, పామర్రు వైపు వరి. చెరకు నరికాక పొలాల్లో ఎండాకు తగలబెడతారు. ఆ పొగే పిల్లల ఛాతీల్ని పాడుచేస్తోందని ఆమెకి గట్టి నమ్మకం. రెండు వైపులా పిల్లల్ని పోల్చి చూస్తే సంగతి తేలిపోతుందన్నారు. మొదట్లో నాతోపాటు ఇంకో అమ్మాయి ఉండేది. ఏడాది తిరక్కుండానే మానేసింది. ఆ తర్వాత ఆ ఊళ్ళన్నీ నావే.

మొదటి వారం నన్ను ఎక్కడికీ పంపలేదు. సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి ఇచ్చి పిల్లల వార్డులో నిలబెట్టారు. నేను తెలివి చూపించాననుకుని అర నిమిషం లెక్కపెట్టి, దాన్ని రెండింతలు చేసి రాశాను. ఆమె అదే బిడ్డ పక్కన నిలబడి మళ్ళీ లెక్కపెట్టారు. నా అంకె తప్పు.

"పసిబిడ్డ ఊపిరి గడియారంలా నడవదమ్మాయ్. కాసేపు గబగబా తీస్తుంది, కాసేపు ఆగుతుంది. నిమిషం నిండా చూడు. చొక్కా పైకెత్తి చూడు. ఏడుస్తుంటే ఊరుకునేదాకా ఆగు. నీకు బస్సు టైమైందని బిడ్డ ఊపిరి మారదు."

వార్డులో అందరి ముందూ అన్నారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. అయితే ఆ వారంలోనే నేను ఇంతకు ముందు చూడనిది చూడటం నేర్చుకున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పీక్కుపోవడం, ముక్కు పుటాలు ఎగరడం, పాలు తాగుతూ తాగుతూ బిడ్డ వదిలేసి రొప్పడం. అంతకు ముందు మా వీధిలో పిల్లలు ఇలా ఎందరు రొప్పి ఉంటారో, నేను చూస్తూ కూడా చూడలేదు.

తర్వాత ఊళ్ళమీద పడ్డాను. బెంజ్ సర్కిల్ దగ్గర బందరు బస్సు ఎక్కి, ఒక రోజు ఉయ్యూరులో దిగితే మరో రోజు పామర్రులో దిగేదాన్ని. చేతిలో అచ్చు వేయించిన కాగితాల కట్ట. మొదటి ప్రశ్న "మీ బిడ్డకు ఉబ్బసం ఉందా?" అని. మూడు నెలలు తిరిగాను. ఒక్కరంటే ఒక్కరు ఉందనలేదు. నేను సంతోషంగా అన్నిచోట్లా "లేదు" అని గీతలు పెట్టుకుంటూ వచ్చాను.

ఒకసారి ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మామ్మగారి ఎదుట అదే ప్రశ్న చదివాను. పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తోంది. మామ్మగారు మాత్రం, "ఉబ్బసం మా ఇంటా వంటా లేదు" అన్నారు.

"మరి ఆ చప్పుడేంటి మామ్మగారూ?"

"ఇదా? పిల్లికూతలు. జలుబు చేస్తే వస్తాయి, పోతాయి. ఆడపిల్ల అది. దానికి ఉబ్బసం అంటగట్టి పోతావా ఏంటి?"

తిరిగొచ్చి ఈ సంగతి డాక్టరుగారికి చెప్పాను, నవ్వుతారనుకుని. ఆమె నవ్వలేదు. "మూడు నెల్లు మనం వాళ్ళని తిట్టొచ్చామన్నమాట" అన్నారు. మిగిలిన కాగితాల కట్టని బల్ల కింద పడేశారు. వాటి వెనక వైపు చాలా కాలం మందుల చీటీలు రాసుకున్నాం.

తర్వాత నెల ఆమే నాతో బస్సెక్కారు. మామ్మల దగ్గరా తల్లుల దగ్గరా కూర్చుని, పిల్ల ఊపిరి ఎలా ఉంటే ఏమంటారో అడిగి అడిగి రాసుకున్నారు. పిల్లికూతలు, గురగుర, డొక్కలెగరెయ్యడం, పాల ఉబ్బసం. ఒక్కో మాటకీ అర్థం ఊరు దాటితే కొంచెం మారేది. చివరికి ఆస్పత్రిలో ఒక చిన్న టేప్ రికార్డర్ పెట్టి, నిజంగా పిల్లికూతలున్న బిడ్డ ఊపిరి ఒకటి, ముక్కు దిబ్బడేసిన బిడ్డది ఒకటి, ఉత్త కఫం గురగుర ఒకటి క్యాసెట్‌లో ఎక్కించారు. ఇక నా పని ఆ క్యాసెట్ వినిపించి, "వీటిల్లో మీ బిడ్డ దగ్గర ఏది విన్నారు?" అని అడగడం. జబ్బు పేరెత్తొద్దు. రికార్డర్ చూడటానికి వీధి వీధంతా చేరేది. కాపు తాతలు కూడా చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు. లేదు లేదన్న ఇళ్ళల్లోనే, "అదుగో, ఆ మొదటిది! అచ్చం అట్టాగే మా పిల్లకి" అన్నారు.

పామర్రులో కాలవ గట్టు మీద ఒక చేపలమ్మే ఆవిడ ఉండేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పుట్టింటివాళ్ళు బందరు అవతల సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళు. భర్త కాలవల్లో, డ్రెయిన్లలో వల వేసేవాడు. ఆమె పొద్దున్నే బందరు నుంచి చేపలు తెచ్చి పామర్రు సంతలో అమ్మేది. ఎండుచేపలు కూడా. ఆమె కూతురికి ఆరో నెలలో నెమ్ము చేసి ఆస్పత్రిలో పది రోజులుంది. అప్పట్నించీ ఆ పాప నా లెక్కలో ఉంది.

క్యాసెట్ వినిపించక ముందే ఆమె, "కూతలేగా అమ్మాయిగారూ? జలుబు చేసిన రెండో రోజుకి పట్టుకుంటాయి" అంది.

"రెండో రోజుకే అని ఎలా చెప్తారు?"

ఆమె లోపలికెళ్ళి చూరులోంచి ఒక దారం ఉండ తెచ్చింది. వల అల్లే నైలాను దారం. విప్పితే బారలు బారలు వచ్చింది. దాని నిండా ముళ్ళు.

"బెత్తెడు దారం ఒక రోజు. ఇదుగో, ముడి ఇట్టా వదులుగా ఉంటే ముక్కు కారిన రోజు. బిగించి ఉంటే కూతలు పట్టిన రోజు. ఈ ఎర్రగుడ్డ పీలిక అమాస, తెల్లది పున్నం. ఇదుగో ఈ పచ్చదారం కలిపిందంతా నేను చేపల బుట్ట ముట్టని రోజులు."

"ఎందుకిదంతా?"

అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్న అత్తగారి వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. పాపకి ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఇంట్లోనూ గట్టు మీదా ఒకటే మాట, చేపల నీచు వల్లే, ఎండుచేపల దుమ్ము వల్లే అని. సూదులేసే ఆయన కూడా బేరం మానెయ్యమన్నాడు. "మానేస్తే తినేదేంది? మానితే తగ్గుద్దంటే మానేదాన్నే. తగ్గుద్దో లేదో తెలియాలిగా. అందుకని పదేసి రోజులు మానుకుంటా, పదేసి రోజులు పోతా చూశా. రాయటం రాదు. ముడెయ్యటం వచ్చు."

"ఏం తేలింది?"

"బుట్ట ముట్టినా ముట్టకపోయినా ఒకటే. ముందు వదులు ముడి పడకుండా బిగి ముడి పడలేదు."

నేను బాగుంది అనుకున్నానే గానీ నా కాగితంలో దానికి చోటు లేదు. "కూతలు: అవును" అని గీత పెట్టుకుని వచ్చేశాను. వారం తర్వాత ఏదో మాటల్లో డాక్టరుగారికి చెప్పాను. ఆమె స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు. "ఇప్పుడా చెప్పడం?" అన్నారు.

ఆ ఆదివారమే ఇద్దరం పామర్రు వెళ్ళాం. డాక్టరుగారు చెప్పులు విడిచి ఆ ఇంటి నేల మీద చతికిలబడ్డారు. గోడ క్యాలెండరు ఒకటి వెంట తెచ్చారు. చేపలావిడ ఒక కొస పట్టుకుంది, ఈమె ఇంకో కొస. అమాస నుంచి పున్నానికి, పున్నం నుంచి అమాసకి బెత్తెలూ ముళ్ళూ లెక్కపెట్టుకుంటూ తేదీలు వేసుకుంటూ పోయారు. మధ్యలో పాప వచ్చి దారం లాగితే ఇద్దరూ ఒకేసారి కసిరారు. రెండు మూడుచోట్ల డాక్టరుగారు తొందరపడి ముడి దాటేస్తే, "అట్టా కాదమ్మగారూ, ఈ ముడి వదిలేశారు" అని ఆవిడ వెనక్కి తెచ్చింది. నన్ను వార్డులో ఏడిపించిన మనిషి, ఆవిడ తప్పు పట్టిన ప్రతిసారీ, "అవునవును" అంటూ కొట్టేసి రాసుకోవడం చూసి నాకు లోలోపల నవ్వొచ్చింది, ముచ్చట కూడా వేసింది.

ఒకచోట దారం కోసి, మళ్ళీ అతికి ఉంది. అదేంటని అడిగారు డాక్టరుగారు.

"మా నాన్న పోయినప్పుడు బందరెళ్ళా. ఆ రోజుల్లో ముడేశానో లేదో గుర్తులేదు. తెలీకుండా ఊరికే ఎట్టా వదిలేత్తాం? చూసినోళ్ళు బిడ్డ బాగుందనుకుంటారు. అందుకని అక్కడ కోసేశా."

డాక్టరుగారు ఆ రోజుల్ని క్యాలెండరులో ఖాళీగా వదిలేశారు. తిరిగొస్తుంటే బస్సు కంకిపాడు చేరాక అన్నారు. "నేను పదేళ్ళు చదివి నేర్చుకున్న పద్ధతి అమ్మాయ్ అది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు."

ఆ తర్వాత నెలకోసారి తల్లుల్ని గుర్తుచేసుకోమని అడగడం మానేశాం. ఇంటింటికీ బొమ్మల అట్టలు ఇచ్చాం. ముక్కు కారే పిల్ల బొమ్మ, పిల్లి బొమ్మ, పొగ బొమ్మ. ఆ రోజు ఏది ఉంటే దాని ఎదురుగా బొట్టు పెట్టాలి. పెన్సిలు లేనివాళ్ళు కాటుకతో పెట్టారు, కుంకుమతో పెట్టారు. ఆ అట్టలు తెచ్చి బల్ల మీద పరిస్తే గది వంటిల్లు వాసన వేసేది.

మూడో ఏడు వానాకాలంలో నేనొక తప్పు చేశాను. ఇది చెప్పకుండా ఆ రోజుల గురించి రాయడం నాకిష్టం లేదు.

నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వానలు. ఉయ్యూరు అవతల డొంక దారుల్లో మోకాలి లోతు బురద. మూడు ఇళ్ళు మిగిలిపోయాయి. కిందటి నెల ఆ పిల్లలు ముగ్గురూ బాగానే ఉన్నారు. ఈ నెల మాత్రం ఏమైపోతారులే అనుకుని, బస్టాండులో కూర్చుని మూడిటికీ "బాగున్నారు, కూతలు లేవు" అని రాసేశాను. ఊపిరి అంకెలు కూడా వేశాను, కిందటి నెలవి చూసి కాస్త అటూ ఇటూ మార్చి.

రెండు వారాల తర్వాత ఆ మూడిట్లో ఒక బాబుని ఎత్తుకుని తల్లి ఆస్పత్రికి వచ్చింది. నేను "బాగున్నాడు" అని రాసిన వారంలోనే వాడికి నెమ్ము తిరగబెట్టి ఊళ్ళోనే ఏవో మందులు వాడారు. తగ్గలేదు. వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టాక ఆ మధ్యాహ్నానికి తేరుకున్నాడు. డాక్టరుగారు వాడి కాగితం తీసి చూశారు. నన్ను పిలిచారు. ఆ రోజు మాత్రం ఆమె గట్టిగా మాట్లాడలేదు.

"వెళ్ళావా?"

"లేదు మేడం."

"ఇంకెన్ని?"

"ఇంకో రెండు. ఆ మూడే మేడం, ఒట్టు."

"నువ్వు ఒట్టేస్తున్నావు. నేను నమ్ముతాను కూడా. కానీ ఈ కాగితాలు చదివేవాళ్ళు నిన్నెరగరు కదా." అని ఆ నెల నేను తెచ్చిన కాగితాలన్నీ, నిజంగా ఇంటింటికీ తిరిగి రాసినవి కూడా, దారంతో కట్టి పైన "వాడరాదు" అని ఎర్ర సిరాతో రాశారు. ఒక నెల పని మొత్తం పోయింది. తర్వాత అన్నారు, "ఆ తల్లి వార్డులోనే ఉంది. నువ్వు రావాల్సిన రోజున రాలేదని వెళ్ళి చెప్పు. నువ్వొస్తావని ఎదురుచూసిందట."

వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "వాన కదమ్మా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. తీసెయ్యలేదు. ఎందుకు తీసెయ్యలేదో చెప్పలేదు కూడా. ఆమె అలాంటి మనిషి. తిండి తిన్నావా అని ఏ రోజూ అడిగి ఎరగరు. రంజాన్ నెలలో నేను ఉపవాసంతో తిరుగుతున్నానని నాలుగేళ్ళకి గానీ ఆమె గమనించలేదు. చేపలావిడ మొదటి ఏడే గమనించింది. ఆ నెల్లో నేను వెళ్తే తన చెంబు కూడా నా కంటబడకుండా లోపల పెట్టేసేది. ఆ "వాడరాదు" సంగతి ఆవిడకి చెప్పుకుని ఏడ్చాను. "నువ్వూ కోసేశావన్నమాట. సరే, మళ్ళీ అతుకు పెట్టుకో చెల్లే" అంది. అమ్మాయిగారు అనడం మానేసి చెల్లి అనడం అప్పట్నించే.

పాపకి నాలుగో ఏడు వచ్చేసరికి కూతలు గట్టిపడ్డాయి. డాక్టరుగారు ఇన్‌హేలర్ రాశారు. ఆ రోజుల్లో ఇన్‌హేలర్ అంటే జనానికి హడలు. అది నోట్లో పెడితే ఇక జన్మంతా వదలదనీ, గుండె ఆగిపోతుందనీ అనేవాళ్ళు. అంత చిన్నపిల్లకి నేరుగా పీల్చడం కూడా రాదు. అందుకని డాక్టరుగారు ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకుని, అడుగున కాల్చిన ఇనప ఊచతో ఇన్‌హేలర్ పట్టేంత కంత పెట్టి, దాన్ని బిగించి ఇచ్చేవారు. మందు సీసాలోకి కొడితే, పిల్ల సీసా మూతి నోట్లో పెట్టుకుని మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. ఆ ఊచతో ఆమె వేళ్ళు ఎన్నిసార్లు కాలాయో! ఎవరైనా చేసి పెడతామన్నా, "కంత వదులైతే మందు బయటికి పోతుంది, నేనే చేస్తాను" అనేవారు.

ఆ చలికాలంలో ఒక పొద్దున పామర్రు సంతలో నేను ఆవిడ కోసం చూస్తుండగానే పాపకి ఊపిరి పట్టేసింది. బుట్ట పక్కన గోనె మీద కూర్చున్న పిల్ల ముందుకి వంగి, రెండు చేతులూ నేలకి ఆనించి, భుజాలు ఎగరేస్తోంది. మెడ కింద గుంట పడుతోంది. చుట్టూ జనం మూగారు. ఒకాయన నీళ్ళు తాగించమన్నాడు. ఒకావిడ వీపు మీద చరచబోయింది. "చేపల్లో కూర్చోబెడితే రాదా మరి" అని వెనక నుంచెవరో అన్నారు. ఇన్నేళ్ళు ఊపిర్లు లెక్కపెట్టిన నేను కూడా ఆ జనంలో ఒకదాన్నై నిలబడిపోయాను.

చేపలావిడ బేరం మధ్యలో ఆపి, చెయ్యి కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, చీర మూటలోంచి సీసా తీసింది. ఇన్‌హేలర్ ఊపి సీసాకి బిగించింది. "నోట్లో పెట్టుకో తల్లే. నేను లెక్కెడతా, నువ్వు గాలి తీసుకో. ఒకటి... రెండు..." పది దాకా లెక్కపెట్టింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ పది. ఎవరి వైపూ చూడలేదు. "చెల్లే, గడియారం చూడు" అని మాత్రం నాతో అంది. అప్పుడు గుర్తొచ్చింది, వాచీ నా చేతికే ఉందని. పిల్ల పక్కన కూర్చుని నిమిషం నిండా లెక్కపెట్టాను. కాసేపాగి ఇంకోసారి మందు పట్టింది. మళ్ళీ లెక్కపెట్టాను. అంకె దిగింది. పావుగంటకి పిల్ల భుజాలు కిందికి దిగాయి. ఇంకాసేపటికి గోనె మీద పక్కకి వాలి, బుట్టలో రొయ్య మీసం పీకుతూ ఆడుకుంది.

మూగిన జనంలో కూరగాయలమ్మే ఒకావిడ వెళ్ళలేదు. "ఆ సీసా యాడ దొరుకుద్ది? మా చిన్నోడికీ ఇట్టాగే వచ్చుద్ది" అంది.

"రేపు వాణ్ణి తీసుకునిరా, చూస్తా" అంది చేపలావిడ, అచ్చం డాక్టరులాగా. తర్వాత నా వైపు తిరిగి, "చూసి ఏం చేస్తాలే గానీ, మీ దగ్గరికి పంపుతా" అని నవ్వింది. ఆ ఏడాది పామర్రు నుంచి మా ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో సగానికి సగం ఆవిడ పంపినవాళ్ళేనని నా అంచనా. వచ్చిన తల్లులందరూ ఒకే మాట అనేవాళ్ళు: "చేపలామె చెప్పిందండీ."

పిల్లలు బడికెళ్ళే వయసుకొచ్చారు. రెండు వేల సంవత్సరం దాటింది. అట్టలన్నీ కూడి, లెక్కలన్నీ కట్టడానికి డాక్టరుగారికి మరో ఏడాది పట్టింది. ఒక రోజు పిలిచి ముందు కూర్చోబెట్టారు.

"చెరకాకు పొగ అన్నాను చూడు. నేను పొరబడ్డాను. పొగ వేసిన రోజుల్లో దగ్గు పెరుగుతోంది, అది మంచిది కాదు. కానీ కూతలు పట్టే పిల్లలు ఉయ్యూరు వైపు ఎలా ఉన్నారో పామర్రు వైపూ అలాగే ఉన్నారు. పసితనంలో గట్టి నెమ్ము చేసినవాళ్ళకి తర్వాత ప్రతి జలుబూ ఛాతీలోకి దిగుతోంది. వాళ్ళల్లో ఎక్కువమందికి బడికెళ్ళే వేళకి తగ్గిపోతోంది. కొందరికి తగ్గట్లేదు."

ఏడేళ్ళ పైచిలుకు కష్టం. తను గట్టిగా నమ్మింది తప్పని తేలింది. ఆమె మొహంలో నాకు చిన్నబుచ్చుకోవడం కనిపించలేదు. సరైన చోట ముడి పడ్డట్టు నెమ్మదిగా ఉన్నారు. డాక్టర్ల పత్రిక కోసం రాసిన కాగితంలో కూడా మొట్టమొదట అదే రాశారు, మేం అనుకున్నది ఇది, అది నిజం కాలేదు అని.

కాగితం పత్రికకి వెళ్ళాక అందరం ఊపిరి పీల్చుకుంటాం అనుకున్నాను. ఆమె మళ్ళీ బందరు బస్సెక్కించారు. "వాళ్ళ దగ్గర తీసుకున్నాం కదా, ఏం తెలిసిందో చెప్పొద్దూ?" అని ఆ ఇళ్ళన్నిటికీ ఒక్కొక్కటిగా వెళ్ళారు. ఆదివారాలే ఖాళీ కాబట్టి చాలా నెలలు పట్టింది. కొన్ని ఇళ్ళవాళ్ళకి మేమెవరమో కూడా గుర్తులేదు. కొందరు కుర్చీలేశారు. ఉయ్యూరు దగ్గర ఒక చెరకు రైతు, "మా పొగ వల్ల కాదన్నమాట, బతికించారు" అంటే, "పూర్తిగా బతికించలేదండీ, పిల్లలున్న ఇళ్ళ వైపు గాలి ఉన్నప్పుడు తగలబెట్టకండి" అని వాదన పెట్టుకుని గంటసేపు కదల్లేదు.

కాలవ గట్టు దగ్గర మాత్రం ఆమె కాస్త తటపటాయించడం చూశాను. పాపకి ఏడేళ్ళు దాటాయి. తగ్గనివాళ్ళల్లో ఆ పాప ఒకతె.

డాక్టరుగారు అంతా చెప్పారు. చేపల వల్ల కాదని కూడా, అత్తగారు వినేలా చెప్పారు. అత్తగారు వల మీంచి తలెత్తకుండా, "నేనేం కాదన్నానా?" అంది. చేపలావిడ దాన్ని పట్టించుకోలేదు.

"ఎక్కువమందికి పోయిందన్నారుగా. మా పిల్లకెందుకు పోలేదమ్మగారూ?"

"తెలీదమ్మా."

"మందు సరిగ్గా పెట్టలేదా నేను?"

"నీకంటే సరిగ్గా పెట్టినవాళ్ళు లేరు. అయినా పోలేదు. ఎందుకో నాకు తెలీదు. కాగితంలో కూడా తెలీదనే రాశాను."

ఆవిడ కొంచెంసేపు పిల్ల జడ సవరిస్తూ కూర్చుంది. తర్వాత, "ఎంతమంది దగ్గరికి తిప్పానో దీన్ని. అందరికీ తెలుసన్నారు. తెలీదని చెప్పింది మీరొక్కరే" అంది. డాక్టరుగారు లేచేటప్పుడు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచారు. ఎవరినీ అలా ముట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ తర్వాత డాక్టరుగారు వేరే ఊరి కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయారు. నాకు పెళ్ళైంది, ఒక బడిలో సైన్సు టీచరుగా చేరాను. పాప మందు వాడుతూనే పెరిగింది. హైస్కూల్లో పరుగుపందెంలో గెలవలేదు గానీ పరిగెత్తింది, ఆ మాట వాళ్ళమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

నాలుగైదేళ్ళ తర్వాత ఒక శనివారం, బందరులో బంధువుల ఇంటి నుంచి వస్తుంటే పామర్రులో బస్సాగింది. చేపలావిడ ఎక్కింది. బుట్ట లేదు. పక్కన భయంతో బిక్కచచ్చిన ఒక చిన్న వయసు తల్లి, ఆమె చేతుల్లో తువ్వాలు చుట్టిన పసిగుడ్డు. చేపలావిడ నన్ను చూడగానే ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"మంచిదానివి దొరికావు. చూడు దీన్ని. నిన్నట్నించీ ముక్కు. పొద్దున్నించి డొక్కలు."

నేను తువ్వాలు తీసి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. వాచీ చూసి లెక్కపెట్టాను, బస్సు కుదుపుల్లో రెండుసార్లు. అంకె చెప్పగానే ఆవిడ ఆ తల్లితో, "ఏడవమాకు. టైముకే బయల్దేరాం. పాలు తాగటం మానలేదుగా, అది మంచి సంగతి" అంది. నేను బెంజ్ సర్కిల్‌లో దిగి ఇంటికి వెళ్ళాల్సినదాన్ని. "నువ్వూ రా చెల్లే. ఆ కొత్త డాక్టర్లు ఇంగ్లీషులో అడిగితే నేనేం చెప్పను?" అని నా చెయ్యి పట్టుకుంది.

వాళ్ళతో మా పాత ఆస్పత్రికి వెళ్ళాను. నేను మాట్లాడాల్సిన పనేమీ పడలేదు. వరండాలో కుర్ర డాక్టరు రాగానే ఆవిడే ముందుకెళ్ళి, జలుబు ఎప్పుడు మొదలైంది, ఊపిరి ఎప్పుడు పెరిగింది, బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగింది, ఒక్కటీ తడుముకోకుండా చెప్పింది. అతను రాసుకుంటూ పోయి, చివర్లో తలెత్తి, "మీరు నర్సాండీ?" అని అడిగాడు.

"కాదండీ, చేపలమ్ముతాను" అని చెప్పి, బిడ్డని లోపలికి తీసుకెళ్తున్న తల్లి వెనకాలే నడిచింది.